వలీమా బల్లపై పుదీనా కుండీ

కొన్నేళ్ల క్రితం వరకు మా ఎస్. రాయవరం పరిసరాలలో వలీమా విందు అంటే దస్తర్‌ఖాన్ పరచుకొని, ఎదురెదురుగా కూర్చుని, పెద్ద పళ్లెంలోంచి వడ్డించుకొని తినడమే. ఆ పరచిన గుడ్డ మధ్యలో అలంకారం ఉండాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. అన్నం పళ్లెం, నీళ్ల కూజా, ఉల్లిపాయ పెరుగు ఉన్న గిన్నె, వీటికే చోటు చాలేది కాదు. ఇప్పుడు కల్యాణ మండపాలు వచ్చాయి. గుండ్రటి బల్లలు, వాటి చుట్టూ ఎనిమిదేసి కుర్చీలు వచ్చాయి. వడ్డన పళ్లెం వంటవాడి చేతికి మారింది, బల్ల మధ్యన ఖాళీ మిగిలింది. ఆ ఖాళీకి అలంకరణ వ్యాపారులు 'సెంటర్ పీస్' అని ఒక పేరు పెట్టారు, దానికో ధర కూడా కట్టారు.

ఆ ధర ఎంతో మాకు మొన్నటి శీతకాలంలో, మా తమ్ముడి వలీమా సందర్భంగా తెలిసింది. మేము అతని అక్కలం, ముగ్గురం. అబ్బా కాలం చేసి చాలా ఏళ్లయింది. తమ్ముడు అచ్యుతాపురం పారిశ్రామికవాడలో నెల జీతానికి పనిచేస్తాడు. ఇంటి బాధ్యతలు తీరగా మిగిలినది పోగుచేసుకొని, ఎవరి వద్దా చేయి చాచకుండా పెళ్లి చేసుకోవాలన్నది అతని సంకల్పం. కట్నం ప్రస్తావన రానీయలేదు. వలీమా వరుని బాధ్యత గనుక ఆ ఖర్చు తనదే అన్నాడు. 45,000 రూపాయల మహర్‌ను నికాహ్ రోజునే వధువు చేతికి ఇస్తానని పెద్దల ముందు మాట ఇచ్చాడు.

విందుకు 200 మంది, అంటే 25 బల్లలు. అలంకరణకు వచ్చిన వ్యాపారి లెక్క ఇలా చెప్పాడు: ముందు వరుసలోని 5 బల్లలకు పొడుగాటి గాజు కూజాలు, వాటినిండా తాజా పూలు, బల్లకు 1,800 రూపాయలు. మిగిలిన 20 బల్లలకు కృత్రిమ పూల బుట్టలు, బల్లకు 600. మొత్తం 21,000. ముందు వరుస 5 బల్లలూ పురుషుల వైపే. ఆడవారి వైపున్న 12 బల్లలకు తాజా పూలు ఒక్కటైనా లేవేమని అడిగితే, "పరదా వెనకాల ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు. అతను చెడ్డవాడేమీ కాడు. అతనికి విందు అంటే ఫొటోలో పడే భాగం, అంతే.

తమ్ముడి వద్ద ఆ 21,000 లేవు. ఉన్న డబ్బు మహర్‌కూ, భోజనాలకూ సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో చర్చ మొదలైంది. మా బడే అబ్బా పెద్దమనిషి, తమ్ముడి మేలు కోరేవారే. ఆయన చాలా సులువైన దారి చూపించారు. "మహర్ సగం ఇప్పుడిద్దాం, సగం బాకీ పెడదాం. అందరూ చేసేదే కదా బేటా! నలుగురిలో బల్లలు బోసిగా ఉంటే మాట పడేది మనం" అన్నారు.

ఇక్కడ ఒక చిన్న భాషా విశేషం చెప్పాలి. వెంటనే చెల్లించే మహర్‌ను అరబీలో 'ముఅజ్జల్' అంటారు. గడువు పెట్టి తరువాత చెల్లించేదాన్ని కూడా మన నోట 'ముఅజ్జల్' అనే అంటాం. అరబీలో మొదటి దానికి 'ఐన్', రెండవ దానికి 'హమ్జా'. ఒకటి తొందర అన్న ధాతువు నుండి, మరొకటి గడువు అన్న ధాతువు నుండి వచ్చాయి. తెలుగులో రాసినా పలికినా రెండూ ఒక్కటైపోతాయి. మన వరులకు ఈ పోలిక ఎంత అనుకూలమైనదో, ఎన్ని ఇళ్లలో మొదటి అక్షరం రెండవ అక్షరంగా మారి, ఆ రెండవది జనాజా దగ్గర భార్యను క్షమాపణ కోరే మాటగా ముగిసిందో పాఠకులకు చెప్పనవసరం లేదు. గడువు పెట్టడం ధర్మసమ్మతమే, వధువు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే. కాని పూల కూజాల కోసం గడువు అడగడానికి మాకు నోరు రాలేదు. స్త్రీల మహర్‌ను సంతోషంగా వారికి ఇచ్చివేయమని దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా, 4వ ఆయత్ ఆదేశిస్తుంది. సంతోషంగా ఇవ్వవలసినది ముందు, బల్ల సంగతి తరువాత.

పెళ్లి డబ్బు ఎవరి చేతికి చేరాలన్న ప్రశ్న మా ఊరికి కొత్తది కూడా కాదు. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది ఈ సర్వసిద్ధి రాయవరంలోనే, తన మేనమామ గారింట. ఆయన 'కన్యాశుల్కం' నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆనాటి దురాచారంలో డబ్బు వధువు తండ్రికి చేరేది. తరువాతి కాలపు కట్నంలో అది వరుని ఇంటికి చేరుతోంది. మహర్ ఈ రెండింటిలా కాదు. అది వధువుకే చెందుతుంది. తండ్రికి గాని, భర్తకు గాని, అత్తింటికి గాని అందులో వాటా లేదు. అటువంటి సొమ్ములో సగం తీసి అలంకరణ వ్యాపారికి ఇవ్వడమంటే, వధువు సమ్మతి లేకుండా ఆమె ఖర్చుతో అతిథుల బల్లలు అలంకరించడమే కదా?

మేము ముగ్గురం బడే అబ్బాకు ఒక మాట ఇచ్చాము. బల్లలు బోసిగా ఉండవు, మహర్ తగ్గదు, ఆ బాధ్యత మాది అన్నాము.

అయితే ఇంకొక వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. మా మామూ ధర్మగ్రంథాలు బాగా చదివినవారు. "అసలు అలంకారమే ఎందుకు?" అన్నారాయన. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఇంటి పెళ్లి విందుకు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) వెళ్లిన ఉదంతం మాకు వినిపించారు. ఆ ఇంటి గోడలకు పరదాలు కప్పి ఉండడం చూసి ఆ మహనీయుడు అభ్యంతరం చెప్పారు. ఆడవాళ్లు మా మాట సాగనివ్వలేదని ఇబ్ను ఉమర్ (రజి) సంజాయిషీ ఇచ్చుకున్నా ఆయన వినలేదు. భోజనం ముట్టకుండానే వెనుదిరిగారు. 'ఆడవాళ్లు' అన్న మాట దగ్గర మామూ కాస్త ఆగి, మా ముగ్గురి వైపూ చూశారు.

ఆ ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు. రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదన్న భావం గల హదీసు కూడా ఉంది. గోడలకు పరదాలు కప్పడం ఎంతవరకు తగదన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ తీర్పు మా స్థాయికి మించినది. కాని ఈ ఉదంతం నుండి మాకు ఒక కొలబద్ద దొరికింది: బల్ల మీద పెట్టే వస్తువు విందు ముగిశాక చెత్తకుప్పకు పోకూడదు, ఎవరికైనా పనికిరావాలి. అతిథికి తినడానికో, వాసన చూడడానికో, ఇంటికి తీసుకెళ్లడానికో పనికివచ్చేది వట్టి గోడకు తొడిగిన బట్ట వంటిది కాదు. ఈ మాట చెబితే మామూ కొంతసేపు ఆలోచించి, "అలాగైతే చేయండి, కాని అన్ని బల్లలకూ ఒకేలా చేయండి" అన్నారు. మా పనికి అసలైన నియమం ఆ చివరి మాటే అయింది.

ధనికులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డ భోజనమన్న హదీసు మనందరికీ తెలిసినదే. పేదవాడిని పిలిచి వెనుక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు బల్లకు 1,800, అతని బల్లకు 600 అని పూలతోనే చెప్పడం ఆ హదీసు నుండి ఎంత దూరంలో ఉన్నట్టు? బల్ల మీది పూలు చూసి మనిషి తన స్థానం ఏమిటో ఇట్టే గ్రహిస్తాడు. ఆ మాటకొస్తే దైవప్రవక్త (సల్లం) వారి వలీమాలన్నీ ఒక్క తీరుగా జరగలేదు. హజ్రత్ జైనబ్ (రజి) వలీమాకు గొర్రెను కోసి రొట్టె, మాంసం పెట్టారు. ఖైబర్ నుండి తిరిగి వచ్చే దారిలో హజ్రత్ సఫియ్యా (రజి) వలీమా జరిగింది. అక్కడ తోలు చాపలు పరచి ఖర్జూరాలు, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి ఉంచారు. మరొక సతీమణి వలీమా రెండు ముద్‌ల బార్లీతోనే జరిగింది. ముద్ అంటే సుమారు ఒక దోసెడు. కలిగిన రోజు కలిగినట్టు, లేని రోజు లేనట్టు. తోలు చాప మీది ఖర్జూరాన్ని తలచుకున్నాకే మా బల్ల మధ్యన ఏముండాలో మాకు తట్టింది.

ఇక పని సంగతి. ఇది చదివే అక్కచెల్లెళ్లలో ఎవరైనా చేయదలిస్తే పనికివస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాము.

బల్ల మధ్యన తాటి మొవ్వుతో అల్లిన జానెడు వెడల్పు చాప. దాని మీద మట్టి మూకుడు, మూకుడులో పిడికిలంత మట్టి కుండీ, కుండీలో పుదీనా మొక్క. పక్కన ఇంకొక మూకుడులో అరటాకు ముక్క వేసి 16 ఖర్జూరాలు, మనిషికి రెండు చొప్పున. ఇంకొక వైపు ఏటికొప్పాక లక్క భరిణె, అందులో సోంపు, యాలకులు. అంతే.

పుదీనానే ఎందుకంటే, అది దాదాపు ఉచితంగా వస్తుంది. సంతలో పది రూపాయల కట్ట కొని, ఆకులు కూరకు వాడుకొని, గట్టి కాడలు ఉంచుకోవాలి. నాలుగు వేళ్ల పొడవు ముక్కలు చేసి, నీటిలో మునిగే భాగంలోని ఆకులన్నీ తీసివేయాలి. ఒక్క ఆకు మునిగినా నీరు కుళ్లుతుంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు దారాల్లా దిగుతాయి. అప్పుడు కుండీకి మూడేసి కాడలు నాటాలి. మరో మూడు వారాలకు కుండీ నిండుతుంది. అంటే వలీమాకు నెల రోజుల ముందే పని మొదలుపెట్టాలన్న మాట. కొన్ని ఎటూ బతకవు గనుక మేము 25 కుండీల కోసం 35 నాటాము.

మట్టిలో కలపడానికి నది ఇసుకే వాడాలి. మా మండలంలోనే రేవుపోలవరం సముద్రతీరం ఉంది. అక్కడి ఇసుక ఊరికే వస్తుంది కదా అని చుట్టాలు సలహా ఇచ్చారు. ఆ ఇసుకలో ఉప్పుంటుంది, లేత వేరు తట్టుకోలేదు. తీరం నుండి మేము గవ్వలు, ఆల్చిప్పలు మాత్రం తెచ్చుకున్నాము. వాటిని మంచినీళ్లలో రెండుసార్లు మరిగించి, ఎండబెట్టి, కుండీలో మట్టి కనబడకుండా పైన పరిచాము. అన్నం తినే చోట మట్టి రేణువు రాలకూడదు గదా. అదే కారణంతో మొక్కలకు పురుగు మందు ఏదీ కొట్టలేదు. విందు నాటి ఉదయం ఆకులన్నీ మంచినీటితో కడిగి ఆరబెట్టాము. ఈ పనంతా మా పిల్లలదే. ఎవరి కుండీకి వాళ్లు సున్నంతో గుర్తు పెట్టుకొని, ఎవరిది ముందు చిగురించిందో ప్రతి ఫజ్ర్ తరువాత లెక్క చూసుకునేవారు. వాళ్లను నమాజుకు లేపడం ఆ నెలంతా మాకు కష్టం కాలేదు.

భరిణెల సంగతి కాస్త చెప్పుకోవాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక మా పరిసరాలలోనిదే. అంకుడు కర్రను తరిణె పట్టి తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఒత్తుతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుండి రంగులు తీస్తారు. ఈ సహజ వర్ణాల విద్యను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది కూడా ఈ బొమ్మలే. ఇంత పేరున్న వస్తువు మా ఇంటికి కూతవేటు దూరంలో ఉండగా, ఎక్కడో అచ్చు పోసిన ప్లాస్టిక్ పూలకు 600 ఇవ్వడం మాకు ఏ విధంగానూ సబబుగా తోచలేదు.

అక్కడ పెళ్లి జంట బొమ్మలు, ఏనుగులు, ఎడ్లబండ్లు ఎంతో అందంగా ఉంటాయి. కాని విందు బల్ల మీద ప్రాణుల రూపాలు పెట్టడం మాకు తగదనిపించింది. రూపాలున్న పరదాను హజ్రత్ ఆయిషా (రజి) తీసి, కోసి, దిండ్లుగా మార్చిన హదీసు గుర్తుకు వచ్చింది. అందుకని మూత ఉన్న గుండ్రటి భరిణెలనే ఎంచుకున్నాము. అవి సాధారణంగా కుంకుమ కోసం చేసేవి. సోంపుకు కావాలంటే పనివాడు ఒక్కసారి నవ్వి, "ఏం పోస్తే అది దాస్తుందమ్మా" అన్నాడు. రంగు చారలు కాస్త అటూ ఇటూ అయినవి ఏరి, ఒక్కొక్కటి 70 రూపాయలకు ఇచ్చాడు. చార వంకరగా ఉన్నదే మా కంటికి అందంగా కనిపించింది.

లెక్క రాసుకున్నాము. భరిణె 70, కుండీ 15, మూకుళ్లు రెండూ కలిపి 10, ఖర్జూరాలు 25, సోంపు యాలకులు 5. బల్లకు 125 రూపాయలు, 25 బల్లలకు 3,125. తాటాకు మా నానీ పెరటిది. అల్లినది కూడా నానీయే. ఆమె వేళ్లకు వాతం ఉంది, రోజుకు ఒకటి కంటే అల్లలేకపోయేది. అందుకే ఆ పని అన్నిటికంటే ముందు మొదలైంది.

ఎత్తు గురించి ఒక మాట. బల్ల మీద పెట్టేది ఏదైనా కూర్చున్న మనిషి గడ్డం దాటకూడదు. పొడుగాటి కూజాలు పెట్టిన విందుల్లో అతిథులు ఒకరినొకరు చూసుకోవడానికి మెడ పక్కకు వంచడం మనం చూస్తూనే ఉన్నాము. కొందరైతే వచ్చీ రాగానే ఆ కూజాను ఎత్తి కింద పెట్టేస్తారు. వేలు పోసి కొన్నది బల్ల కాళ్ల దగ్గరకు చేరుతుంది! మా కుండీ మొక్కతో కలిపి జానెడు.

వలీమా రోజున సర్దడానికి పిల్లలకు అరగంట కూడా పట్టలేదు. పరదాకు అటూ ఇటూ, ముందూ వెనుకా అన్ని బల్లలూ ఒకేలా ఉన్నాయి. వధువు బంధువులలో ఒక పెద్దాయన అలవాటుగా ముందు వరుసలో 'పెద్దల బల్ల' ఏదని వెతికారు. ఏ బల్లా వేరుగా కనిపించక, దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర అప్పటికే కూర్చున్నవారు చెరకు కొట్టే పనివారు, మా వీధివారే. వాళ్లలో ఒకతను లేవబోతే పెద్దాయనే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టారు. చెరకు గానుగ దగ్గర కూలి రేట్ల గురించీ, ఈ ఏడు బెల్లం ధర గురించీ ఆ బల్ల దగ్గర భోజనం ముగిసేదాకా మాటలు సాగాయి.

ఆడవారి వైపు అందరూ మొదట చేసిన పని పుదీనా ఆకు నలిపి వాసన చూడడం. బిర్యానీ పళ్లేలు వచ్చాక ఒక ఖాలా రెండు ఆకులు తుంచి పెరుగు చట్నీలో వేసుకుంది. ఆ తరువాత ఆ బల్ల మీది కుండీలో కాడలే మిగిలాయి. పోనీలెండి, బల్ల మీద ఉన్నది తినడానికే.

వెళ్లేటప్పుడు కుండీని ప్రతి బల్ల నుండి ఒకరు తీసుకెళ్లవచ్చని చెప్పించాము. కొందరు మొహమాటపడ్డారు. అప్పుడు మామూయే లేచి, సువాసన గల మొక్కను ఎవరైనా ఇస్తే తిరస్కరించవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు మంచిదని దైవప్రవక్త (సల్లం) చెప్పిన సంగతి గుర్తు చేశారు. మొదట అభ్యంతరం చెప్పిన నోటితోనే ఆ మాట రావడం మాకు ఎంతో ఆనందం కలిగించింది. భరిణెలు వంటవారికీ, వడ్డించిన కుర్రాళ్లకూ, గిన్నెలు తోమిన ఆడవారికీ వెళ్లాయి. ఒక్కటి మాత్రం నానీ తన ముక్కుపొడి కోసం ఉంచుకుంది.

బడే అబ్బా ఆ రోజు ఏమీ అనలేదు. మరునాడు మాత్రం తమ్ముణ్ణి పిలిచి, మహర్ మొత్తం ఇచ్చేశావా అని అడిగారు. నికాహ్ రోజునే, సాక్షుల ముందే ఇచ్చేశానని తమ్ముడు చెప్పాడు. మరదలు ఆ డబ్బుతో ఏమి చేయదలచిందో మేము అడగలేదు. అది ఆమె సొమ్ము.

మా పక్కింటివారి అమ్మాయికి మే నెలలో పెళ్లి కుదిరింది. వాళ్ల అమ్మగారు మొన్న వచ్చి, తమ విందుకు కూడా అటువంటి కుండీలు చేసిపెట్టమని అడిగారు. మా ప్రాంతపు మే ఎండకు పుదీనా ఒక్క మధ్యాహ్నంలోనే వాలిపోతుంది. అందుకని ఈసారి రుద్రజడ నాటి చూస్తున్నాము. సబ్జా గింజలు ఇచ్చే ఆ మొక్క ఎండకు ఓర్చుకుంటుంది, వాసనా ఘాటుగా ఉంటుంది. గింజలు నానీ తెచ్చింది. మొలకలు నిన్ననే పైకి వచ్చాయి.